ధాన్యకటక తీరభూమి: శిలలో నిలిచిన తరువులు, పూజలో మిగిలిన పత్రాలు

గుంటూరుకు దక్షిణాన నల్లరేగడి నేలపై వెలసిన ప్రత్తిపాడు తన నామంలోనే ఒక సస్యాన్ని ధరించింది. కార్పాసం ఈ దేశానికి అనాదిగా పరిచితం. బ్రాహ్మణుని ఉపవీతం కార్పాసమయమై ఉండవలెనని మనుస్మృతి విధించింది. దేవుని సన్నిధిలో వెలిగే వత్తి కూడా ప్రత్తియే. ఆ నేలలోనే ఎర్రగా పండే మిరప మాత్రం అమెరికా ఖండానికి చెందినది, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వారి వెంట భారతదేశానికి చేరినది. నేటికీ అనేక గృహాలలో శ్రాద్ధపాకానికి మిరియమే తప్ప మిరప పనికిరాదు. ఏ మొక్క ముందు వచ్చినదో, ఏది తరువాత వచ్చినదో గ్రంథాల కంటె ఆచారమే కొన్నిచోట్ల భద్రంగా జ్ఞాపకముంచుకొన్నది.

గుంటూరుకు ఉత్తరాన కృష్ణాతీరంలో ఉన్న ధాన్యకటకం, అనగా నేటి అమరావతి, ఇటువంటి జ్ఞాపకాలకు నిలయం. శాతవాహనుల కాలంలో మహోన్నతి పొందిన అచ్చటి స్తూపశిల్పాలను 1797లో కాలిన్ మెకంజీ చూచిన పిమ్మట అవి లోకదృష్టికి వచ్చాయి. నేడు వానిలో అధికభాగం చెన్నపట్టణపు, లండన్ మహానగరపు ప్రదర్శనశాలలలో ఉన్నది. ఆ సున్నపురాతి పలకలపై వికసించిన పద్మాలు, బోధివృక్షం, ఫణీంద్రులు, మకరాలు, సింహాలు కనబడతాయి. మదించిన నాళాగిరి గజం బుద్ధుని పాదాల చెంత శాంతించిన ఘట్టం చెన్నపట్టణంలో ఉన్నది. శిల్పంలో సింహమున్నంత మాత్రాన కృష్ణ ఒడ్డున సింహాలు తిరిగాయని తలచరాదు. అది సంప్రదాయం ఇచ్చిన రూపం. పద్మం సంగతి వేరు. దానిని చూడడానికి శిల్పి చెరువుగట్టు దాటి పోనవసరం లేదు.

పంచారామాలలో ఒకటైన అమరేశ్వరాలయం ఉన్న గుట్టకు క్రౌంచశైలమని పేరు. క్రౌంచ శబ్దం పర్వతానికీ, పక్షికీ కూడా వాచకమే.

శిలకంటె సూక్ష్మమైన సాక్ష్యం వినాయకవ్రతంలోని ఏకవింశతి పత్రపూజ. గరిక పొలంగట్టుది. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు బీడుభూములవి. మారేడు, రేగు, జమ్మి మెట్టకు చెందినవి. అర్జునమనే మద్ది, సింధువారమనే వావిలి నీటి ఒరలను ఆశ్రయించినవి. మద్దికి ఏరుమద్ది అనే తెలుగుపేరే ఉన్నది. పత్రి స్వయంగా కోసి తెచ్చుకొన్నవాడు పొలమూ, బీడూ, మెట్టా, ఏటిగట్టూ నాలుగూ తిరిగి రావలసిందే. దేవదారు ఒక్కటి హిమాలయ వృక్షం. ఆంధ్రుని పత్రిలో దానికి బదులు మరొక ఆకు చేరడం తప్పనిసరి.

గత నూట డెబ్బదేళ్ళలో నది స్వభావమే మారినది. విజయవాడ వద్ద 1855 నాటికి ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ, ఎగువన 1967లో నాగార్జునసాగరం ఏర్పడ్డాయి. ఇవి లక్షల ఎకరాలకు అన్నం పెట్టినవి, కనుక నిందించడం అవివేకం. అయితే ఏటికి వరద వచ్చే కాలం, ఇసుక నిలిచే చోటు మారగా ఒడ్డున పెరిగే మొక్కకూ మార్పు తప్పలేదు. దక్షిణ అమెరికానుండి వచ్చిన గుర్రపుడెక్క తామర ఉండవలసిన నీటిని కప్పుతున్నది. సర్కారు తుమ్మ బంజరులను ఆక్రమించినది.

ఈ ఆగంతుకాలను కేవలం శత్రువులనడానికీ వీలులేదు. గుంటూరు చెంతనున్న ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటేటా గూళ్ళు కట్టేది తుమ్మచెట్లపైనే. గ్రామస్థులు వాటిని అతిథులుగా ఆదరిస్తున్నారు. పక్షికి చెట్టు కులగోత్రాలతో పనిలేదు. కొమ్మ, నీరు, నిర్భయం చాలు.

పూజావిధి అలా సర్దుకొనలేదు. మంత్రం అర్జునపత్రమనే పలుకుతుంది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో నూతన రాజధానికి శంకుస్థాపన జరిగినది. ఆ నదీతీరంలోనే మద్ది, వావిలి సహజంగా పెరిగే చోటు ఉన్నది. నేడు చవితినాడు బజారులో కొన్న పత్రి కట్టలో గరిక, మామిడి, జిల్లేడు సాధారణంగా ఉంటాయి. ఏటిగట్టు ఆకు తరచుగా ఉండదు. ఆ నామం వచ్చినప్పుడు పురోహితుడు లేని పత్రానికి బదులు అక్షతలు సమర్పింపజేసి తరువాతి నామానికి సాగుతాడు.