పోచారం కాలువ కింది మోకాళ్లు

పోచారం ప్రాజెక్టు పని 1916లో మొదలై 1922లో ముగిసింది. మంజీరలో కలవబోయే ఆలేరు వాగుకు అడ్డంగా, ఏడో నిజాం కాలంలో కట్టిన ఆనకట్ట అది. 1.82 టీఎంసీల నీళ్లు, దాదాపు 10,500 ఎకరాల ఆయకట్టు. నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి పొలాల్లో ఈ కాలువ పేరెత్తకుండా వ్యవసాయం మాట మొదలుకాదు. ఆ నీళ్లు మా పంటను మార్చిన కథ అందరూ చెప్తారు. మా కాళ్లను మార్చిన కథ నేను చెప్పాలి. మా నాగిరెడ్డిపేట మండలం పిల్లలకు ఆటలూ కసరత్తూ నేర్పి రిటైరైనవాణ్ణి. మనిషి ఎట్లా నిలబడతాడు, ఎట్లా వంగుతాడు, ఎట్లా లేస్తాడు అని చూడడమే నా ఉద్యోగం.

కాలువ పారినంక వానాకాలం వరి, నీళ్లుంటే యాసంగికీ వరి. వరి నాటు ఆడవాళ్ల పని. పొద్దున్నే నారుమడిలో గొంతుకూర్చుని నారు పీకాలి. కట్టలు కట్టి జారే ఒడ్ల మీద నెత్తిన మోయాలి. ఆ తర్వాత పిక్కల లోతు బురదలో నడుము వంచి, మోకాళ్లు కొంచెం మడిచి, వెనక్కి జరుగుతూ నాటాలి. బురదలో దిగిన పాదాన్ని పీకి వెనక పెట్టిన ప్రతిసారీ మోకాలు కాస్త పక్కకు మెలిపడుతుంది. మా అమ్మ కాపురానికి వచ్చిన ఏటి నుంచి కాళ్లు మొరాయించేదాకా నాట్లకు పోయింది. చివరి రోజుల్లో గడప దాటాలంటే రెండు చేతులా దర్వాజ పట్టుకునేది.

అయితే పొలం ఒక్కటే ఆ మోకాళ్లను తినేసిందంటే నేను ఒప్పుకోను. ఆ తరానికి బరువు ఎంత ఉందో, దాన్ని మోసే కండ కూడా అంత ఉండేది. ఇసుర్రాయి ముందు కూర్చోవడం, లేవడం. రోకటి పోట్లు. బాయి నుంచి బిందె. నేల మీది నుంచి చేతి ఆసరా లేకుండా రోజుకు ఎన్నిసార్లు లేచేవాళ్లో లెక్కే లేదు. తర్వాత రైసు మిల్లు వచ్చింది, మిక్సీ వచ్చింది, ఇంటి ముందరికి నల్లా వచ్చింది. వాటిని నేను తప్పు పట్టను, మా అమ్మ చేతులకు అవి ముందే వచ్చి ఉంటే ఎంత బాగుండేది! కానీ తొడ కండకు పని పెట్టే చిన్న చిన్న పనులన్నీ పోయి, నాటు మాత్రం మిగిలింది. ఇటు మా జిల్లాలో బీడీల పని కూడా ఉంది. ఒళ్లో చాట, చాటలో తునికాకు, మడిచిన కాళ్లు, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. వెయ్యి చుట్టేదాకా మోకాలు మడతలోనే ఉంటుంది, తొడకు పని ఉండదు.

మడత గురించి బీజింగ్‌లో ఒక పరిశీలన జరిగింది, 2004లో అచ్చయింది. అరవై దాటినవాళ్లను, మీరు పాతికేళ్ల వయసులో రోజుకు ఎంతసేపు గొంతుకూర్చునేవాళ్లని అడిగారు. ఎక్కువసేపు కూర్చున్నామన్నవాళ్లలో మోకాళ్ల అరుగుదల ఎక్కువగా కనబడింది. అది చదివినప్పుడు నాకు మా నారుమళ్లే గుర్తొచ్చాయి.

కసరత్తు మా ప్రాంతానికి కొత్త కాదు. హైదరాబాద్ రాజ్యంలో తాలీంఖానాలు ఉండేవి. దండీలు, బస్కీలు, కుస్తీ. బస్కీ అంటే మోకాలిని నడిపించే తొడకు పెట్టే పనే. అయితే తాలీం గోడలు మగవాళ్ల కోసం లేచినవి, అదీ పడుచువాళ్ల కోసం. ఆడవాళ్లకు ఒళ్లు కదిలించే పండగ ఒకటుంది, బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు వంగి, చప్పట్లు కొట్టి, లేచి, పక్కకు అడుగేస్తూ తిరుగుతారు. అది వైద్యమని నేను అనను. తొమ్మిది రోజుల ఆటకు మోకాలు బాగుపడదు. కానీ అరవై దాటిన ఆడమనిషి నలుగురి ముందు సిగ్గుపడకుండా ఒళ్లు కదిలించే చోటు మా దగ్గర అదొక్కటే.

ఇక మోకాలు నొస్తే కదలొద్దనే మాట. ఆ మాటకూ ఒక చరిత్ర ఉంది. లివర్‌పూల్‌లో హ్యూ ఓవెన్ థామస్ అనే ఎముకల వైద్యుడు 1875లో తుంటి, మోకాలు, చీలమండ జబ్బుల మీద పుస్తకం వేశాడు. కీలుకు బలవంతంగానైనా, మధ్యలో ఆపకుండా, చాలాకాలం విశ్రాంతి ఇవ్వాలన్నది ఆయన పట్టు. ఆ రోజుల్లో కీళ్లను కుళ్లబెట్టేది క్షయ. దానికి మందు లేదు కాబట్టి ఆ విశ్రాంతికి అర్థముంది. వయసుతో అరిగే మోకాలికీ అదే సలహా అంటుకోవడమే నష్టం. కీలులో ఎముకల మధ్య ఉండే గుజ్జుకు రక్తనాళాలు లేవు. దాని తిండి కీలులోని జిగట నీళ్లలో ఉంది. నడకలో గుజ్జు నొక్కుకుని వదులైనప్పుడల్లా ఆ నీళ్లు లోపలికీ బయటికీ ఆడతాయి. కదలని కీలుకు ఆ తిండి సరిగా అందదు, పైన తొడ కండ కరిగిపోతుంది, అప్పుడు లేవడం ఇంకా కష్టం, లేవకపోతే కండ ఇంకా కరుగుతుంది.

కదిలించి బాగుచేసే విద్య కూడా పాతదే. స్టాక్‌హోంలో పెర్ హెన్రిక్ లింగ్ 1813లో వ్యాయామ విద్యాలయం పెట్టాడు. మన దేశంలో ఫిజియోథెరపీ బడి 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో మొదలైంది. 1960 దశకంలో పంజాగుట్టలో నిజాం ట్రస్టు ఎముకల ఆసుపత్రి వచ్చింది, అదే తర్వాత నిమ్స్ అయింది. ముసలి మోకాలికి కసరత్తు పెట్టొచ్చా అన్న ప్రశ్నకు పెద్ద జవాబు మాత్రం 1997లో అమెరికా నుంచి వచ్చింది. అరవై దాటిన 439 మంది మోకాళ్ల రోగులను మూడు జట్లు చేశారు. ఒక జట్టు నడిచింది, ఒక జట్టు బరువులు ఎత్తింది, ఒక జట్టుకు ఆరోగ్యం గురించి పాఠాలు చెప్పారు. మొదటి మూడు నెలలు కేంద్రంలో, తర్వాత పదిహేను నెలలు ఇంట్లో. పాఠాల జట్టుతో పోలిస్తే నడిచినవాళ్లకు నొప్పి 12 శాతం, బరువులెత్తినవాళ్లకు 8 శాతం తగ్గింది. చిన్న అంకెలే. కానీ నడక ఆ రెండు జట్లకూ మెరుగైంది, నడిచినవాళ్లకు మెట్లు ఎక్కి దిగడం కూడా మెరుగైంది. దర్వాజ పట్టుకునే మనిషికి అది చిన్నది కాదు.

నా దగ్గరికి వచ్చే పెద్దమ్మలతో నేను చేయించేది ఇంతే. గోడకు ఆనించిన కుర్చీలోంచి చేతులు పెట్టకుండా లేచి, మెల్లగా కూర్చోవడం. మడిచిన తువాలు మోకాలి కింద పెట్టి నొక్కి పట్టడం. చాచిన కాలిని జానెడు లేపడం, అలవాటయ్యాక చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టడం. ఇటుకంత ఎత్తు మెట్టు ఎక్కి దిగడం. ఒకామె మొదట్లో, “సారూ, పొలంల చేసిందే సాలదా, మల్ల గీ కసరత్తేంది?” అని అడిగింది. పొలంలో మోకాలు నీకు చాకిరీ చేసింది, ఇక్కడ నువ్వు మోకాలికి చేస్తున్నవమ్మా అని చెప్పాను. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉంటే ఫరవాలేదు, తెల్లారేసరికి తగ్గకపోతే మర్నాడు తగ్గించాలి. కీలు వేడెక్కి వాచినా, తాళం పడినట్టు బిగుసుకుపోయినా కసరత్తు కాదు, డాక్టరు చూడాలి. బరువున్నవాళ్లకు ఇంకో మాట చెప్తాను: ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూపించారు.

2010–11లో కేంద్రం మొదలుపెట్టిన వృద్ధుల ఆరోగ్య కార్యక్రమంలో ఫిజియోథెరపీ కూడా ఉంది. అది ఆసుపత్రి గదిలో ఉంటే మా వాళ్లకు చాలదు. ఎల్లారెడ్డి పోవాలంటే బస్సెక్కాలి, బస్సు మొదటి మెట్టే వాళ్లు ఎక్కలేనిది. గోపాల్‌పేటకు, మాల్తుమ్మెదకు, చీనూరుకు నేర్పే మనిషే రావాలి. వారానికి ఒక్కసారి వచ్చినా మిగతా రోజులు ఆ ఊరి ఆడవాళ్లే చేయించుకోగలరు. నాట్ల నెలలో మాత్రం పొద్దున పెడితే ఎవ్వరూ రారు, సాయంత్రం పెట్టాలి.