లోటస్ స్టూడియో: కథ వెనుక చరిత్ర

పాత స్టూడియోల గురించి మనకు చరిత్రకన్నా కథలే ఎక్కువ తెలుసు. ఏ నటుడు ఏ సెట్టు మీద అలిగాడో, ఏ యజమాని ఎవరిని ఎలా ఆదరించాడో తరతరాలుగా చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ కథలను కొట్టిపారేయనక్కరలేదు; వాటిలోనూ ప్రజల జ్ఞాపకం ఉంటుంది. అయితే అవి దేనిని నిలుపుకున్నాయి, దేనిని మరుగుపరిచాయి అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న. హైదరాబాదులోని లోటస్ ఫిలిం కంపెనీ కథను ఈ దృష్టితో చూడాలి.

ధీరేంద్రనాథ్ గంగూలీ చిత్రకారుడు. హైదరాబాదులో చిత్రకళా ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. 1921లో కలకత్తాలో విడుదలైన 'బిలాత్ ఫేరత్' అనే మూకీతో పేరు తెచ్చుకుని, 1922లో నిజాం ఆదరణతో హైదరాబాదులో లోటస్ కంపెనీని స్థాపించాడు. స్టూడియోతోపాటు రెండు సినిమా హాళ్ళను కూడా నడిపాడు. 'ఇంద్రజిత్', 'లేడీ టీచర్', 'చింతామణి' వంటి చిత్రాలు ఇక్కడే తీశాడు. 1924లో తన హాల్లో 'రజియా బేగం' ప్రదర్శించాడు. ముస్లిం రాణి హిందువును ప్రేమించినట్లు చూపిన ఆ చిత్రం ఏడవ నిజాంకు ఆగ్రహం తెప్పించిందనీ, 24 గంటల్లో రాజ్యం విడిచి పొమ్మని ఆజ్ఞ అయిందనీ చెప్పుకుంటారు. గంగూలీ కలకత్తా తిరిగి వెళ్ళాడు. లోటస్ అంతటితో ముగిసింది.

కథ ఇక్కడ ఆగిపోతుంది. చరిత్ర ఇక్కడే మొదలుకావాలి. 'రజియా బేగం' లోటస్ తీసిన చిత్రం కాదు, బొంబాయి నుంచి వచ్చింది. ఎవరో తీసిన బొమ్మను ఆడించినందుకు ఇక్కడి స్టూడియో మూతపడింది. దీనిని ఒక ప్రభువు కోపంగా మాత్రమే చెప్పుకుంటే అసలు సంగతి జారిపోతుంది. ప్రభువు దయ మీద నిలబడిన కళ ఆ దయతోనే పోతుంది. అప్పీలు చేసుకునే చోటు లేని వ్యవస్థలో ఆదరణ, బహిష్కారం ఒకే అధికారానికి రెండు ముఖాలు.

బ్రిటిష్ పాలనలో స్వేచ్ఛ ఉన్నదని దీని అర్థం కాదు. 1918 చట్టం సినిమాను సెన్సారు కిందికి తెచ్చింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' జమీందార్ల ప్రతిఘటననూ, నిషేధాన్నీ ఎదుర్కొన్నది. ఆ చిత్రానికి పెట్టుబడి పెట్టినవాడు కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. పెట్టుబడికీ, భావానికీ మధ్య సంబంధం సూటిగా ఉండదని ఇది గుర్తుచేస్తుంది.

మూకీకి భాష అడ్డుకాదు. తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసి వినిపించే కోహీర్ వంటి ప్రాంతాలున్న నిజాం రాజ్యానికి అది తగిన కళే. టాకీ రావడంతో భాష ప్రధానమైంది. ఉర్దూ రాజభాషగా, బోధనాభాషగా ఉన్నచోట తెలుగు చిత్రానికి స్టూడియో పెట్టే పెట్టుబడి ముందుకు రాలేదు. 1934లో మద్రాసులో వేల్ పిక్చర్స్, 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ తెలుగు టాకీలు తీశాయి. హైదరాబాదులో పూర్తిగా చిత్రీకరించిన తొలి తెలుగు చిత్రంగా చెప్పే 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో గాని రాలేదు. అది తయారైన సారథీ స్టూడియో వెనుక కూడా చల్లపల్లి రాజాయే ఉన్నాడు.

రాజకీయం స్టూడియోల తలరాత మార్చడం హైదరాబాదుకే పరిమితం కాదు. 1947 దేశ విభజనలో లాహోరు నుంచి రూప్ శోరీ బొంబాయికి తరలిపోవలసి వచ్చింది. ఆయన స్టూడియో బొంబాయి నుంచి అటు వెళ్ళిన షౌకత్ హుసేన్ రిజ్వీ, నూర్జహాన్ దంపతులకు దక్కి షాహ్‌నూర్ స్టూడియో అయింది. అక్కడి కథలకు ఆ దంపతుల వైభవం తెలుసు; గేటు మీది పేరు మారడానికి వెనుక ఉన్న వలస బాధ అంతగా తెలియదు.

రెండుచోట్లా కథ యజమాని దగ్గరే ఆగింది. తెరలు రాసినవారు, దీపాలు మోసినవారు, ఫిల్ము కడిగినవారు స్టూడియో మూతపడ్డ మర్నాడు ఎక్కడికి పోయారు? లోటస్‌కు సంబంధించి ఈ ప్రశ్నను సకాలంలో ఎవరూ అడగలేదు. మద్రాసు, హైదరాబాదు స్టూడియోలలో పనిచేసి ముసలివారైనవారి నోట ఇంకా కొంత చరిత్ర మిగిలి ఉంది. తారల ముచ్చట్లకు కేటాయించే శ్రద్ధలో కొంత వారి మాటలు రాసిపెట్టడానికి కేటాయించడం నేటి రచయితల, సాహిత్య విద్యార్థుల ముందున్న పని.