కర్త ఎవరు? రంగనాథ రామాయణం – సువార్తల కర్తృత్వం

భాగ్యనగరంలోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో కర్తృత్వ వివాదం కొత్త విషయం కాదు. కథ ఒకరిది, మాటలు మరొకరివి, తెరపై పేరు మూడవవారిది అన్న ఫిర్యాదులు సినీ రచయితల సంఘం దాకా వెళ్లడం అక్కడ పరిపాటి. ఆ చిత్రసీమయే 2015లో ‘రుద్రమదేవి’ చిత్రం ద్వారా కాకతీయ సామంతుడైన గోన గన్నారెడ్డి నామాన్ని ఇంటింటికీ చేర్చింది. అదే గోన వంశంలో వెలసిన ఒక మహాకావ్యానికి కర్త ఎవరన్న విచారణ మాత్రం పండితగోష్ఠిని దాటి రాలేదు.

ఆ కావ్యం రంగనాథ రామాయణం. 13వ శతాబ్దపు కృతిగా భావింపబడే ఈ గ్రంథంలో 17,000కు పైగా ద్విపదలున్నాయి. అవతారిక చెప్పే వృత్తాంతం స్పష్టమే: గోన విఠలభూపతి తన పేర రామాయణం వెలయాలని సంకల్పించి, ఆ కార్యాన్ని తనయుడైన బుద్ధారెడ్డికి అప్పగించాడు. అయితే ‘రంగనాథ’ శబ్దం ఎక్కడిది? విఠలుడనగా పాండురంగడే కనుక తండ్రి నామమే కావ్యానికి సంక్రమించిందని ఒక పక్షం. రంగనాథుడనే కవి రచించి ప్రభువు పేర ప్రకటించాడని ఇంకొక పక్షం. గ్రంథస్థ సాక్ష్యం మొదటి పక్షానికే అనుకూలం. రెండవదానికి లోకప్రసిద్ధియే ప్రధానమైన ఆలంబనం.

క్రైస్తవుల నాలుగు సువార్తల విషయంలోనూ ఇట్టి సందేహమే ఉన్నది. మత్తయి, మార్కు, లూకా, యోహాను అన్న పేర్లు శీర్షికలలో ఉన్నాయి. గ్రంథభాగంలో మాత్రం కర్త ఎవరూ స్వనామం చెప్పుకోలేదు. ఆ శీర్షికలు తరువాత చేరినవని పరిశోధకులలో అధికుల అభిప్రాయం. క్రీ.శ. 180 ప్రాంతంలో లియోన్ నగరపు బిషప్పు ఇరేనియస్ నలుగురినీ కర్తలుగా పేర్కొన్నాడు. అంతకు ముందే పాపియాస్ అనే పెద్ద, మార్కు పేతురుకు దుబాసీగా ఉండి అతడి బోధను లిఖించాడని చెప్పినట్లు 4వ శతాబ్దపు చరిత్రకారుడు యూసేబియస్ ఉదాహరించాడు. చిక్కంతా మత్తయి దగ్గర వస్తుంది. మార్కు గ్రంథంలోని అధికభాగం మత్తయి సువార్తలో దాదాపు యథాతథంగా కనిపిస్తుంది. ప్రత్యక్షంగా చూచిన శిష్యుడు, చూడనివాని రచనను ఇంతగా ఆశ్రయించునా? లూకా అయితే తాను ప్రత్యక్షసాక్షుల వలన విన్నవాడనే పీఠికలో సూచిస్తాడు. యోహాను సువార్త చివర శిష్యుని సాక్ష్యం సత్యమని ‘మేము’ ఎరుగుదుమన్న బహువచనం వస్తుంది. అది ఆ శిష్యుని వాక్కు కాదు, అతడి అనుయాయులది అని చాలామంది తలంపు. సంప్రదాయవాదుల సమాధానం కూడా తేలికగా కొట్టివేయదగినది కాదు: పేర్లు కల్పితమే అయితే, ద్వాదశ శిష్యులలో చేరని మార్కును, లూకాను ఎవరు ఎన్నుకొంటారు?

ఇది విని హర్షించే ఆస్తికుడు ఒక క్షణం ఆగవలసి ఉన్నది. మీమాంసా దర్శనంలో పూర్వపక్షి సరిగ్గా ఇదే ఆక్షేపణ వేదంపై చేశాడు. కాఠకం, కౌథుమం అని మనుష్యుల పేర్లు ఉన్నాయి కదా, వేదం పౌరుషేయం ఎందుకు కాదు? జైమిని సమాధానం: ఆ పేరు రచన వలన రాలేదు, ప్రవచనం వలన వచ్చింది. శబరస్వామి దానిని వివరిస్తూ, వైశంపాయనుడు సర్వశాఖలనూ అభ్యసించగా కఠుడు ఈ ఒక్క శాఖనే బోధించాడనీ, అందుచేతనే అతడి పేర వ్యవహారమనీ చెప్పాడు. సువార్తల శీర్షికలలోని గ్రీకు పదానికి కూడా ‘మార్కు ప్రకారం’ అన్నదే అర్థం. ‘మార్కు రచించిన’ అని కాదు.

అయినా రెండు ప్రశ్నల బరువు సమానం కాదు. అపౌరుషేయమన్న సిద్ధాంతంలో కర్త లేకపోవడమే ప్రామాణ్యానికి బలం. నైయాయికుని మతంలో శబ్దప్రమాణం ఆప్తునిపై ఆధారపడుతుంది. వక్త ఎవరో, ఎట్లా ఎరిగినాడో విచారించక తప్పదు. సువార్తలు పొంతి పిలాతు అధికారకాలంలో, ఒక నిర్దిష్ట దేశంలో జరిగిన సంఘటనకు సాక్ష్యం చెబుతున్నాయి. అందుచేత ఆ సాక్షులెవరన్న ప్రశ్న క్రైస్తవునికి కేవలం సాహిత్య చర్చ కాదు, విశ్వాసాన్ని తాకే ప్రశ్న. దానిని పరిహసించడం అనుచితం.

రంగనాథ రామాయణానికి ఆ భారం లేదు. రామకథకు అది మూలసాక్ష్యం కాదు, భక్తి. సేతుబంధన వేళ ఒంటికి అంటిన ఇసుకను రాల్చి సేవించిన ఉడుత వాల్మీకంలో లేదు, ఇక్కడ ఉన్నది. కవి బుద్ధారెడ్డియా, రంగనాథుడా అన్నది తేలనంత మాత్రాన దాని వీపుపై రేఖలు చెరగవు.

తండ్రి పేర కావ్యాన్ని వెలయించిన బుద్ధారెడ్డి యుద్ధకాండతో ఆగాడు. ఉత్తరకాండను ఆయన కుమారులైన కాచవిభుడు, విఠలరాజు ద్విపదలోనే రచించారు.