గడ్డి కోసే ఇంజనుకి రెక్కలు

మొన్న ఒక మీటింగులో పెద్ద తలకాయ ఒకాయన నవ్వుతూనే ఓ మాటన్నాడు: "ఇందులో మీరు కొత్తగా రాసిందేముంది? ఎక్కడివో నాలుగు తెచ్చి అతికించారు, అంతేగా!" అందరితోపాటు నేనూ నవ్వేశాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. మూడు నెలలు గుడ్లు తేలేసింది ఆ అతికించడానికే మరి.

ఆ శనివారం హ్యూస్టన్ బయట మోడల్ విమానాలు ఎగరేసే మైదానానికి వెళ్ళాను. (నా డిగ్రీ మెకానికల్, చేసేది జావా. మనలో సగం మంది జాతకం ఇదే కదా.) అక్కడో పెద్దాయన పసుపుపచ్చ పైపర్ కబ్ నమూనా బిగిస్తున్నాడు. అసలు కబ్ రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకి దాదాపు 10.7 మీటర్లు. ఇది అందులో నాలుగో వంతు, అంటే నాకంటే చాలా పొడుగు. ఇంజను ఏ కంపెనీదండీ అని అడిగితే, గడ్డి కోసే ట్రిమ్మర్‌ది, ఎవరో పారేస్తే తెచ్చుకున్నా అన్నాడు. అంతే, ఆ రాత్రి నుంచి నాకు వేరే పని లేదు.

తవ్విన కొద్దీ తమాషాగా ఉంది ఈ చరిత్ర. మొదట్లో మోడల్ విమానాలంటే ఎక్కువగా రబ్బరు మెలిపెట్టి వదిలేవే. 1933లో అమెరికా జాతీయ పోటీలకి మాక్స్‌వెల్ బాసెట్ అనే కుర్రాడు పెట్రోలు ఇంజనుతో వచ్చి రబ్బరువాళ్ళని చిత్తు చేశాడు. ఆ ఇంజను చేసింది ఫిలడెల్ఫియా కుర్రాడు బిల్ బ్రౌన్. బ్రౌన్ జూనియర్ పేరుతో తర్వాత అమ్మకానికొచ్చింది, దాదాపు 10 సీసీ. పెట్రోలు, స్పార్క్ ప్లగ్గు, అచ్చం మన మోపెడ్ వ్యవహారమే. చిక్కల్లా ఆ స్పార్క్ కోసం మోయాల్సిన సంసారంతో: కాయిలు, కండెన్సరు, బ్యాటరీలు. 1947లో రే ఆర్డెన్ తెచ్చిన గ్లో ప్లగ్గు ఆ బరువంతా దింపేసింది. ప్లాటినం తీగని ఒక్కసారి బ్యాటరీతో వేడిచేస్తే చాలు, ఇంజను తిరిగినంతసేపూ మిథనాల్ తగిలి తనే ఎర్రగా కాలుతూ ఉంటుంది. దాంతో పెట్రోలు మూలపడి, మిథనాలూ ఆముదమూ రాజ్యమేలాయి. అవును, మన ఆముదమే.

1970ల్లో పెద్ద నమూనాల మోజు మొదలయ్యేసరికి లెక్క తిరగబడింది. అంత బరువు లేపే ఇంజనుకి గ్లో ఇంధనం పోయడమంటే జేబుకి చిల్లే. సరిగ్గా అప్పుడే అమెరికా పెరళ్ళలోకి చిన్న చిన్న పెట్రోలు ఇంజన్లు వచ్చిపడుతున్నాయి. అన్నట్టు, గడ్డి కోసే తాడు యంత్రం పుట్టింది ఈ హ్యూస్టన్‌లోనే. 1971లో జార్జ్ బల్లాస్ అనే ఆయన, కార్ వాష్‌లో గిర్రున తిరిగే బ్రష్షులు చూసి, పాప్‌కార్న్ డబ్బాకి చిల్లులు పొడిచి చేపల గాలం తీగ దూర్చాడు. దానికి వీడ్ ఈటర్ అని పేరు పెట్టి అమ్మాడు. ఆయన అసలు వ్యాపారం డాన్సు స్కూలు!

నాకు అన్నిటికంటే నచ్చింది కార్బురేటరు కథ. పాత స్కూటర్లలో ఉండేది ఫ్లోట్ రకం. చిన్న గిన్నెలో పెట్రోలు, దానిమీద తేలే బుడ్డి. బండి పడిపోతే పెట్రోలు కారిపోతుంది. తొలినాటి మోటారు రంపాలకీ ఇదే తంటా. అడ్డంగా కొయ్యాలంటే ఇంజనుని నిలువుగానే ఉంచి రంపం భాగాన్ని మాత్రం తిప్పేవాళ్ళు. చివరికి గిన్నె తీసేసి పల్చటి పొర పెట్టారు. క్రాంక్‌కేసులో గాలి ఒత్తిడి పెరిగి తగ్గే ఊపుకి ఒక పొర కొట్టుకుని పెట్రోలు తోడుతుంది, ఇంకో పొర కొలతగా వదులుతుంది. ఇక రంపాన్ని పక్కకి వాల్చినా, తలకిందులు చేసినా ఇంజను ఆగదు. చెట్లు నరికేవాడి కోసం చేసిన ఈ ఏర్పాటే, విమానం గాల్లో పిల్లిమొగ్గ వేసేటప్పుడు కావలసిందీను! పైగా పెట్రోలు తోడుకోగలదు గనుక ట్యాంకుని ముక్కు దగ్గర ఇరికించక్కర్లేదు, విమానం బరువు తూగే చోటే పెట్టుకోవచ్చు. ట్యాంకు ఖాళీ అవుతున్నా తూకం చెడదు. స్పార్క్ సంసారం కూడా తీరిపోయింది. ఫ్లైవీల్‌లో అయస్కాంతాలుంటాయి, తిరిగినప్పుడల్లా కాయిల్లో కరెంటు పుడుతుంది. బ్యాటరీతో పన్లేదు.

ఇంతకీ మార్చడమంటే ఏం చేసేవాళ్ళు? ముందు పీకడమే. తాడు లాగే స్టార్టరు, క్లచ్చు, ప్లాస్టిక్ తొడుగు, ట్యాంకు అన్నీ బయటికి. ఫ్లైవీల్ మీద ఫ్యాను రెక్కల్ని లేత్ మీద చెక్కేసేవాళ్ళు, చల్లబరచడానికి ప్రొపెల్లర్ గాలి ఉందిగా. మెదడుకి పని పెట్టేది తిరిగే దిక్కు. ఒకే ఇరుసు ఒక కొన నుంచి చూస్తే సవ్యం, రెండో కొన నుంచి చూస్తే అపసవ్యం. ప్రొపెల్లర్ బిగించడానికి వీలైన కొన తప్పు దిక్కులో తిరుగుతుంటే మామూలు ప్రొపెల్లర్ పనికిరాదు. అయితే పిస్టనే తలుపులు మూసి తెరిచే టూ స్ట్రోక్ ఇంజనుకి ముందూ వెనకా తేడా తెలీదు, ఎటు తిప్పినా తిరుగుతుంది. తెలిసేదల్లా స్పార్క్‌కే, అది పిస్టన్ పైకి చేరేలోపే పడాలి. అందుకని ఫ్లైవీల్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న మేకు తీసేసి, కొలిచి, కొత్త కోణంలో బిగించేవాళ్ళు. లెక్క తప్పితే ఎదురు తన్నేది వేళ్ళనే.

ఇంకో బగ్గు ఉంది, మన భాషలో చెప్పాలంటే ఇంటిగ్రేషన్‌లో బయటపడేది. స్పార్క్ అంటేనే ఓ చిన్న రేడియో ప్రసారం. ఇంజనూ బాగుంటుంది, రిసీవరూ బాగుంటుంది, రెంటినీ ఒకచోట పెడితే విమానం మాట వినదు. రెసిస్టర్ ఉన్న ప్లగ్గు వేసి, రిసీవర్ని దూరంగా జరిపి, థ్రాటిల్‌కి లోహపు కడ్డీ బదులు నైలాను కడ్డీ పెట్టి బతికి బట్టకట్టారు. ఈ పాఠం నేర్చుకోవడానికి ఎన్ని విమానాలు నేలకూలాయో!

ఆ తర్వాతి కథ త్వరగానే అయిపోతుంది. 1970ల చివర్లో కెనడా నుంచి క్వాడ్రా వచ్చింది. బ్రష్ కట్టర్లు చేసే జపాన్ జెనోవా, జీ-38, జీ-62 అని విమానాలకే విడిగా ఇంజన్లు అమ్మింది. తర్వాత ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో చైనా ఇంజన్లు చవగ్గా దొరికాక, గరాజులో ఫ్లైవీలు చెక్కే అవసరం చాలామందికి పోయింది. కార్బురేటర్లు మాత్రం ఎక్కువగా ఆ రంపాల వాల్‌బ్రో రకమే.

ఇప్పుడు అసలు ట్రిమ్మర్లకే కాలం చెల్లుతోంది. కాలిఫోర్నియా 2024 మోడల్ నుంచి కొత్తగా తయారయ్యే ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి పొగే రాకూడదంది. పెద్దాయన్ని అడిగితే, చెత్తలో మంచివి దొరకడం తగ్గిందని మాత్రం అన్నాడు. కబ్ మూడు చుట్లు తిరిగి దిగాక ఇంజను ఆపేసి, మాడిన వేళ్ళతో నాకో కోక్ అందించాడు. ఆయన్ని ఎవరైనా "నువ్వు కొత్తగా చేసిందేముంది" అని అడిగుంటారా అని అడగబోయి ఊరుకున్నాను.

నిన్న మా వీధిలో చెత్తడబ్బా పక్కన ఓ ట్రిమ్మర్ కనిపించింది. ఆశగా కారాపి చూస్తే బ్యాటరీది. అయినా లోపలి మోటారు బరువెంతో చూద్దామని డిక్కీలో వేసుకొచ్చాను.