అడ్డపొగ నుంచి అమరకణం దాకా

చుట్ట నిప్పుకొసను నోట్లో ఉంచుకుని కాల్చడాన్ని ఉత్తరాంధ్రలో అడ్డపొగ అంటారు. ఈ అలవాటు ఆడవాళ్లలోనే ఎక్కువ. చుట్టకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని ఖనోల్కర్, సూర్యాబాయి 1945లోనే వైద్యలోకం ముందు పెట్టారు.

ఆ సంబంధాన్ని లెక్కలతో నిలబెట్టింది 1960ల నాటి సర్వే. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్‌తో కలిసి శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగింది. అప్పటికి విజయనగరం జిల్లా లేదు; బొబ్బిలి, చీపురుపల్లి కూడా శ్రీకాకుళం జిల్లాలోవే. 1971లో వెలువడిన ఫలితాల ప్రకారం, పరీక్షించిన 10,169 మందిలో 43.8 శాతం అడ్డపొగ తాగేవారే. అంగిలి తెల్లబారడం, ఎర్రచుక్కలు తేలడం, మచ్చలు, పుండ్లు చాలామందిలో కనిపించాయి. క్యాన్సర్ మాత్రం కొద్దిమందిలోనే ఉంది.

ఇన్ని మచ్చల్లో కొన్నే ఎందుకు ముదురుతాయన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు ప్రయోగశాలల్లో దొరికింది. 1951లో బాల్టిమోర్‌లో జార్జ్ గై అనే పరిశోధకుడు, హెన్రియెట్టా లాక్స్ అనే రోగి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి పెంచిన హీలా కణాలు నేటికీ విభజన చెందుతూనే ఉన్నాయి. ఆరోగ్యకరమైన మానవ కణాలు అలా కాదు. సుమారు 50 విభజనల తర్వాత అవి ఆగిపోతాయని 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ చూపారు. విభజన జరిగినప్పుడల్లా క్రోమోజోముల కొసలైన టెలోమియర్లు కాస్త కాస్త అరుగుతాయి. అరుగుదల హద్దు చేరగానే పి53, పి16 అనే కాపలా ప్రోటీన్లు విభజనను ఆపేస్తాయి. ఆ కాపలా చెడిన కణం ఇంకొంత దూరం సాగుతుంది. కానీ రక్షణ లేని క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని, తెగిపోవడంతో కణాలు గుంపులుగా చస్తాయి. ఆ గండం గట్టెక్కేవి అరుదు. అలా మిగిలినవాటిలో అత్యధిక భాగం టెలోమరేజ్ అనే ఎంజైమును మేల్కొలిపి కొసలను తిరిగి కట్టుకుని, ఆగకుండా విభజన చెందే అమరకణాలవుతాయి. ఈ ఎంజైమును గ్రైడర్, బ్లాక్‌బర్న్ 1985లో ఒక ఏకకణజీవిలో గుర్తించారు. మానవ క్యాన్సర్లలో అది విస్తృతంగా ఉందని 1994లో తేలింది.

గ్లాస్గోలో పార్కిన్సన్ బృందం తల, మెడ భాగాల క్యాన్సర్లను పెంచి చూసి 1995లో మరో మాట చెప్పింది. గడ్డలోంచి తీసిన కణాలన్నీ అమరం కావు. కొన్ని కొన్నాళ్లకే ఆగిపోతాయి. అమరత్వం క్యాన్సర్ ప్రయాణంలో ఆలస్యంగా వచ్చే మలుపు.

అందుకే ఆ మలుపుకు ముందున్న కాలం ఎంతో విలువైనది. శ్రీకాకుళంతో పాటు కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనంలో, అలవాటు మానినవారికి క్యాన్సర్‌కు ముందుండే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. అమరకణం పుట్టాక దాన్ని చంపడానికి వైద్యం నేటికీ పెనుగులాడుతోంది. పుట్టకముందే ఆ దారిని మూసేందుకు ఉత్తరాంధ్ర పల్లెల్లో చుట్ట మాన్పించడం చాలా చౌకైన మార్గం.