పెట్రోలు ఫిల్టరు, పెట్రోలు ప్రెషరు (కార్బొరేటరు కార్లు)

కార్బొరేటరు కార్లలో ట్యాంకు నుంచి ఇంజనుకు వెళ్లే పెట్రోలులోని మలినాలను, నీటిని ఆపేది ఫిల్టరు. ఆ పెట్రోలును తగిన ఒత్తిడితో అందించేది పంపు. ఈ ఒత్తిడి ఎక్కువేమీ కాదు, సాధారణంగా చదరపు అంగుళానికి 2 నుంచి 4 పౌండ్లు. తగ్గితే వేగం పెంచినప్పుడు ఇంజను తడబడుతుంది. మించితే కార్బొరేటరులోని ఫ్లోటు తన సూదిని మూసి ఉంచలేక పెట్రోలు పొర్లిపోతుంది.

భీమవరం వంటి గోదావరి డెల్టా పట్టణాల్లో ఈ రెండింటి చరిత్ర చాలావరకు నీటితో పోరాటమే. ఊరు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది. చుట్టూ కాలవలు, మురుగు కాలవలు, చేపల చెరువులు. గాలిలోని తేమ సగం ఖాళీ ట్యాంకులోకి చేరి, రాత్రి చల్లబడగానే లోపలి రేకుకు చెమటలా పడుతుంది. పెట్రోలు కంటే నీరు బరువు కనుక అడుక్కి దిగుతుంది. రేకు తుప్పు పడుతుంది. ఆ తుప్పు పొడి వెళ్లి, మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉండే కార్బొరేటరు జెట్టు రంధ్రానికి అడ్డం పడుతుంది. బండి ఆగితే జనం కార్బొరేటరును తిడతారు గానీ చాలాసార్లు తప్పు దానిది కాదు.

తొలి దశ

పెట్రోలును సన్నటి ధారగా చిమ్మే కార్బొరేటరును జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ 1893లో రూపొందించాడు. తొలి కార్లలో చాలావాటికి పంపు లేదు. ట్యాంకు ఎత్తులో, కార్బొరేటరు దిగువన ఉండేవి. అడుగు ఎత్తు పెట్రోలు ఇచ్చే ఒత్తిడి చదరపు అంగుళానికి పౌండులో మూడో వంతు కూడా ఉండదు. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టి కారు ట్యాంకులో పెట్రోలు తగ్గినప్పుడు నిటారు కొండను ముందుకు ఎక్కలేకపోయేది, వెనక్కి తిప్పి రివర్సులో ఎక్కించేవారు. డెల్టాలో కారు ఎక్కవలసిన ఎత్తు కాలవ వంతెన ఒక్కటే కాబట్టి ఇక్కడ ఆ తిప్పలు లేవు. తర్వాత ఇంజను పీల్పుతో పెట్రోలు లాగే వాక్యూమ్ ట్యాంకులు కొంతకాలం నడిచాయి. పెట్రోలు డబ్బాల్లో అమ్మిన ఆ రోజుల్లో గరాటులో మెత్తటి తోలు పరిచి వడపోయడం మంచి డ్రైవరు లక్షణం. నీటిని నిలిపి పెట్రోలును మాత్రమే వదిలే ఆ తోలే తొలి ఫిల్టరు.

ఏసీ పంపు, గాజు గ్లాసు

1920ల చివర అమెరికాలో ఏసీ కంపెనీ డయాఫ్రమ్ (వంగే పొర) పంపును ప్రచారంలోకి తెచ్చింది. మన మెకానిక్కులకు ఇంజనుకు బిగించే పెట్రోలు పంపు ఏ కంపెనీదైనా ‘ఏసీ పంపే’. దాని పనితనం ఎంత సరళమో అంత గొప్పది. క్యామ్‌షాఫ్టు తిరుగుతూ ఒక చేతిని నొక్కుతుంది, ఆ చేయి డయాఫ్రమ్‌ను కిందికి లాగి ట్యాంకు నుంచి పెట్రోలు పీలుస్తుంది. పైకి నెట్టేది మాత్రం డయాఫ్రమ్ కింది స్ప్రింగు. అంటే ప్రెషరు ఎంత ఉండాలో తేల్చేది ఇంజను వేగం కాదు, ఆ స్ప్రింగు. కార్బొరేటరు నిండి సూది మూసుకుంటే డయాఫ్రమ్ కిందనే ఆగిపోతుంది, చేయి ఊరికే ఆడుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుల పంపు మీద గాజు గ్లాసు ఉండేది. 1940ల చివర నుంచి మహీంద్రా జీపులతో ఆ తరహా పంపు ఇక్కడి రైతులకూ పరిచయమైంది. పెట్రోలు ఆ గ్లాసులోకి వచ్చి, వేగం తగ్గి, సన్నటి జాలీ గుండా పైకి వెళ్తుంది. నీరు, మట్టి అడుగున నిలుస్తాయి. గ్లాసు విప్పి వెలుగుకెదురుగా పట్టుకుంటే లేత రంగు పెట్రోలు కింద నీటిబొట్లు పాదరసపు గుళ్లలా విడివిడిగా దొర్లుతూ కనిపిస్తాయి. పెట్రోలులో నీరు చేరిందో లేదో, ట్యాంకు తుప్పుపట్టిందో లేదో చెప్పే ఇంత చక్కటి సాధనం తర్వాతి కార్లలో లేకపోవడం పెద్ద లోటు.

1957లో ఉత్తరపారాలో తయారీ మొదలై 2014 మేలో ఆగిన హిందుస్థాన్ అంబాసిడర్, 1964 నాటి ఫియట్ 1100 డిలైట్ నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని, 1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఏసీ పంపు కాలపు ప్రధాన కార్లు. పెళ్లిళ్లకూ ఎన్నికలకూ అంబాసిడరే ముందు. 1957లో విశాఖపట్నంలో కాల్టెక్స్ రిఫైనరీ మొదలవడంతో కోస్తా జిల్లాలకు పెట్రోలు దగ్గరైంది.

షెడ్డులో పంపు పరీక్షకు మీటరు అక్కర్లేదు. కార్బొరేటరు దగ్గర పైపు విప్పి సీసాలో పెట్టి, సెల్ఫు కొట్టిస్తారు. పెట్రోలు కొట్టుకొట్టుకు చిమ్మాలి. నీరసంగా కారితే డయాఫ్రమ్ చిట్లిందనో, వాల్వు కూర్చోవడం లేదనో అర్థం. చాలా పంపులకు పక్కన చేతితో ఆడించే చిన్న మీట ఉండేది. బండి నెలల తరబడి నిలిచిపోతే దానితో పెట్రోలు ఎక్కించి స్టార్టు చేసేవారు.

ఎండాకాలపు జబ్బు వేరు. రోహిణి కార్తెలో ఇంజను వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరైపోతుంది. పంపు ద్రవాన్ని నెట్టగలదు గానీ ఆవిరిని నెట్టలేదు. డ్రైవర్లు దీన్ని ఎయిర్ లాక్ అన్నారు. దానికి మందు, కాలవ నీటిలో తడిపిన గుడ్డ. దాన్ని పంపు మీద చుట్టి, చెట్టు నీడన పావుగంట ఆగితే బండి కదిలేది. ఇక వరదల సంగతి. 1986 ఆగస్టు గోదావరి వరద, 1996 నవంబరు 6 తుపాను వంటి వాటిలో మునిగిన కారుకు ఇంజను ఒక్కటే చూస్తే చాలదు, ట్యాంకు కూడా దింపి కడిగి ఆరబెట్టాలి.

మారుతి తర్వాత

1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో కాగితపు ఫిల్టరు ఉన్న చిన్న డబ్బా వాడుకలోకి వచ్చింది. అది మనిషి వెంట్రుక కంటే సన్నటి రేణువులను ఆపుతుంది. కానీ దాన్ని విప్పి కడగలేం, మార్చాల్సిందే. దాని మీది బాణం గుర్తు ఇంజను వైపు చూడాలి.

2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఆ ఏడాదే కాలుష్య నిబంధనలు కొత్త కార్లను కార్బొరేటరు నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్ వైపు నెట్టాయి. ఇంజెక్షన్ కారులో ప్రెషరు చదరపు అంగుళానికి 40 పౌండ్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఆ పంపును పాత కారుకు నేరుగా తగిలిస్తే కార్బొరేటరు పొర్లి నిప్పు ప్రమాదం ఉంది.

2003లో ఆంధ్రప్రదేశ్‌తో సహా 9 రాష్ట్రాల్లో పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలపడం మొదలైంది. 2022లో అది 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. 1947లో తణుకులో ఆంధ్రా షుగర్స్ చక్కెర కర్మాగారం వెలసిన ఈ జిల్లాకు చెరకు కొత్త కాదు గానీ, ట్యాంకులో చెరకు నుంచి తీసే ఈ ఆల్కహాలు మాత్రం కొత్త. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. నీరు మరీ ఎక్కువైతే రెండూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున నిలుస్తాయి. దశాబ్దాలుగా ట్యాంకుకు అంటుకున్న జిగురును ఇథనాల్ కరిగించి ఫిల్టరుకు పంపుతుంది, పాత రబ్బరు డయాఫ్రమ్‌ను ఉబ్బిస్తుంది.

డెల్టాలో పాత కారు ఉన్నవారు ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రమ్, పైపులు వేయించుకోవాలి. ట్యాంకు నిండుగా ఉంచాలి. పెట్రోలు మారిన తొలి నెలల్లో ఫిల్టరును తరచుగా మార్చాలి.