నేర్పును వెతికిన చట్టం: రమ్మీ నుంచి పోకర్ దాకా

తెలంగాణలోని బాన్సువాడ ప్రాంతంలో పేకాట ఆడినవాడు నేరస్తుడా కాదా అన్నది, ఆ ఆటలో నేర్పు పాలెంత, అదృష్టం పాలెంత అన్న లెక్క మీద ఆధారపడిన కాలం ఒకటి ఉండేది. నిజాం ప్రభుత్వం 1305 ఫసలీలో, అంటే సుమారు 1895-96లో, తెచ్చిన జూద చట్టం (ఫసలీ అన్నది శిస్తు లెక్కలకు వాడిన పంట సంవత్సరం) 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా తెలంగాణ జిల్లాల్లో అమల్లోనే ఉండి, జూదగృహం నడపడాన్నీ అందులో పట్టుబడటాన్నీ నేరంగా చూస్తూనే, కేవలం నేర్పుతో ఆడే ఆటలను మినహాయించింది.

ఆ మినహాయింపు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చిన వ్యాజ్యం సికింద్రాబాదులో పుట్టింది. 1963లో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌పై పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నవారిపైనా క్లబ్ కార్యదర్శిపైనా కేసు పెట్టగా, మేజిస్ట్రేటు వేసిన శిక్షను హైకోర్టు కొట్టివేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లినా, 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా వెలువరించిన తీర్పు ఆటగాళ్ల పక్షమే వహించింది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడంలో, ఏది చేతిలో ఉంచుకొని ఏది పడేయాలో తేల్చుకోవడంలో గణనీయమైన నేర్పు ఉంది గనుక రమ్మీ ప్రధానంగా నేర్పు ఆట అనీ, మూడు ముక్కలాట మాత్రం పూర్తిగా అదృష్టంపై నడిచేదనీ న్యాయస్థానం విడదీసింది. ఈ రెండో మాట కాస్త తొందరపాటుగా కనిపిస్తుంది. మూడు ముక్కలాటలో ముక్కలు మార్చుకునే వీలు లేకపోయినా, పందెం పెంచాలా, ప్యాక్ చేసి తప్పుకోవాలా అన్న నిర్ణయం ఆటగాడిదే, పోకర్‌లో నేర్పు చాలావరకు దాగి ఉన్నదీ అక్కడే.

టెక్సస్ హోల్డెమ్ అనే పోకర్‌లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచి, అందరికీ ఉమ్మడిగా మొదట మూడు, తర్వాత ఒకటి, చివర మరొకటి తెరుస్తారు; ఆ నాలుగో ఉమ్మడి ముక్క పేరు టర్న్. అక్కడ వంతు వచ్చినవాడు పందెం కాస్తే బెట్, డబ్బు పెట్టకుండా వంతు దాటిస్తే చెక్. మధ్యలో వెయ్యి రూపాయలు పోగై ఉండగా, ఎదుటివాడు ఒకే గుర్తు ముక్కలు నాలుగు కూడి అయిదోదాని కోసం చూస్తున్నాడనుకుంటే, అతనికి కనిపించని 46 ముక్కల్లో పనికొచ్చేవి 9, అంటే సుమారు 19.6 శాతం. అతనిపై ఐదు వందలు కాస్తే, పదిహేను వందల కోసం అతను ఐదు వందలు పెట్టాలి. అది గిట్టాలంటే నూటికి 25 సార్లు గెలవాలి గనుక, చివరి ముక్క పడ్డాక ఇంకొంత రాబట్టుకోగలిగితే తప్ప అతనికి నష్టమే. చెక్ చేస్తే అదే ముక్క అతనికి ఉచితంగా దొరుకుతుంది. అయితే బలహీనులు తప్పుకొని బలమైన చేయి ఉన్నవారే నిలుస్తారనిపించే చోట బెట్ చేయడం డబ్బు అప్పజెప్పడమే అవుతుంది. ఆన్‌లైన్‌లో ముఖం కనిపించదు గనుక, ఎదుటివాడు ఇంతకుముందు ఎంత కాశాడు, ఎంతసేపు ఆలోచించాడు అన్నవే ఆనవాళ్లు.

ఆటలో నేర్పు ఉందన్న వాదనకు తెలంగాణలో 2017 తర్వాత చోటు దక్కలేదు. 1974 నాటి గేమింగ్ చట్టం నేర్పు ఆటల మినహాయింపును నిలిపి ఉంచినా, 2017 సవరణ ఆన్‌లైన్ ఆటలను పరిధిలోకి తెచ్చి, డబ్బు పెట్టి ఆడేచోట నేర్పు ఉన్నా రక్షణ లేకుండా చేసింది. కర్ణాటక 2021లో తెచ్చిన అలాంటి నిషేధాన్ని అక్కడి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో కొట్టివేయడంతో, బాన్సువాడలో సెల్‌ఫోన్‌పై నేరమైన ఆటకు పడమటి సరిహద్దు దాటితే నేర్పు ఆటగా రక్షణ కోరే వీలుండేది. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం ఈ తేడాను చెరిపేసి, నేర్పు ఆటలనూ అదృష్టపు ఆటలనూ ఆన్‌లైన్‌లో డబ్బుతో ఆడించినంత వరకు ఒకే గాటన కట్టి, నిర్వాహకులకూ ప్రకటనలిచ్చేవారికీ శిక్షలు నిర్ణయించింది, ఆడినవారికి మాత్రం ఏ శిక్షా విధించలేదు.